తప్పిన గండాలను రాసిపెట్టేదెవరు?

(నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఆసుపత్రుల్లో స్త్రీల హక్కుల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. హక్కులంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి ఉన్నాయి. మంచం దొరకాలి, లంచం లేకుండా కాన్పు జరగాలి, నొప్పులు పడుతున్న మనిషిని తిట్టకూడదు, కొట్టకూడదు. వీటి కోసం మీరంతా ఏళ్ళ తరబడి కొట్లాడుతున్నారు. నేను వార్డుల్లో పనిచేసి వచ్చిన మనిషిని కాబట్టి, మన మీటింగుల్లో అంతగా వినిపించని ఇంకో హక్కు గురించి మాట్లాడతాను. వార్డులో పొరపాటు జరిగితే దాన్ని తెలుసుకునే హక్కు రోగికీ, ఆమె ఇంటివాళ్ళకూ ఉండాలి. ఆ పొరపాటును భయం లేకుండా చెప్పుకునే హక్కు అక్కడ పనిచేసే వాళ్ళకు ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవని చాలామంది అనుకుంటారు. ఒకటి లేకపోతే రెండోది కూడా రాదని నేను అనుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

ముందు మన ప్రాంతంలో జరిగినవే చూద్దాం.

2019 డిసెంబరులో, ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అచ్చంపేట ప్రభుత్వాసుపత్రిలో ఒక కాన్పు దారుణంగా చెడిపోయింది. బిడ్డ తల తెగి తల్లి గర్భంలోనే ఉండిపోయింది. ఆమె పరిస్థితి బాగా లేదని చెప్పి హైదరాబాద్ పంపారు తప్ప, లోపల ఏం జరిగిందో తమకు చెప్పలేదని ఇంటివాళ్ళు అన్నారు. అసలు సంగతి హైదరాబాద్ డాక్టర్లు చూశాకే తెలిసింది. ఊరివాళ్ళు ఆసుపత్రి మీద విరుచుకుపడ్డారు. డాక్టర్లను సస్పెండ్ చేశారు. 2023 ఆగస్టులో అదే ఆసుపత్రి మళ్ళీ పేపర్లకెక్కింది. పెద్దాపరేషన్ చేసేటప్పుడు కడుపులో గుడ్డ మరిచిపోయారని, దానివల్లే బాలింత చనిపోయిందని కుటుంబం ఆరోపించింది. విచారణ, చర్యలు అనే మాటలు మళ్ళీ విన్నాం.

2022 ఆగస్టు 25న, నల్గొండ పొలిమేరకు దగ్గర్లో సాగర్ రోడ్డు మీద ఉన్న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. అందరూ చిన్న చిన్న పిల్లల తల్లులు. మిగిలిన వాళ్ళలో కొందరిని హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించి కాపాడారు. అక్కడా సూపరింటెండెంటును సస్పెండ్ చేశారు, నష్టపరిహారం ప్రకటించారు.

2024 ఆగస్టులో దేవరకొండ నుంచి నల్గొండ ప్రభుత్వాసుపత్రికి పంపిన ఒక గర్భిణి, మంచం మీద కాదు, కుర్చీలో కూర్చునే కన్నది. విచారణకు ఆదేశించారు, సిబ్బంది మీద చర్యలు తీసుకున్నారు. అదృష్టం కొద్దీ తల్లీ బిడ్డా బతికారు.

ఈ నాలుగింటిలోనూ ఒకే వరస కనిపిస్తుంది. సంగతి పేపర్లో వస్తుంది, జనం ధర్నా చేస్తారు, ఎవరో ఒకరు సస్పెండవుతారు, ఫైలు మూతపడుతుంది. కొన్నాళ్ళకు సస్పెండైన మనిషి ఉద్యోగంలోకి తిరిగొస్తాడు. ఆ గదిలో, ఆ టేబుల్ మీద, ఆ రాత్రి డ్యూటీలో ఏం మారిందో ఎవరూ చెప్పరు. మనం కూడా అడగం. "సస్పెండ్ చేయాలి" అన్న నినాదం దగ్గరే మన గొంతు ఆగిపోతోంది.

ఇబ్రహీంపట్నం సంగతే కొంచెం ఆలోచించండి. కుటుంబ నియంత్రణకు వాడే లాపరోస్కోపును ఒక మనిషికి వాడాక శుభ్రంగా కడిగి, 2 శాతం గ్లుటరాల్డిహైడ్ మందునీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, మళ్ళీ కడిగాకే ఇంకో మనిషికి వాడాలి. క్యాంపులో 34 మంది వరసలో ఉంటే, ఆ 20 నిమిషాలు ఎవరు లెక్కపెడతారు? 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర కొన్ని గంటల్లోనే 83 మందికి ఆపరేషన్లు చేస్తే 13 మంది చనిపోయారు. ఆ తర్వాత 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, ఇలాంటి క్యాంపులను మూడేళ్ళలోపు ఆపేయాలని చెప్పింది. అంటే 2019 నాటికే ఆగిపోవాలి. 2022లో ఇబ్రహీంపట్నంలో మళ్ళీ అదే జరిగింది.

నా ప్రశ్న ఇంకొకటి. అంతకుముందు జరిగిన క్యాంపుల్లో ఎంతమందికి కుట్లు చీము పట్టాయి? ఎంతమందికి జ్వరం వచ్చి, ఊళ్ళో ఆరెంపీ సూది వేస్తే తగ్గింది? అవి ఎక్కడ రాసి ఉన్నాయి? రాసి ఉంటే, వాటిని చదివే మనిషి ఉంటే, ఆ నలుగురు బతికేవాళ్ళేమో. చావు ఒక్కరోజులో రాదమ్మా. చాలాసార్లు గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి వెనక్కి పోతుంది. మన ఇళ్ళలో దాన్ని "గండం తప్పింది" అంటాం. కొబ్బరికాయ కొట్టి మరిచిపోతాం. ఆసుపత్రిలో మాత్రం తప్పిన గండాన్ని మరిచిపోకూడదు. దాన్ని రాసిపెట్టాలి.

ఇక్కడ ఒక మాట విడమరిచి చెప్పాలి. పొరపాటు జరిగి రోగికి హాని కలిగితే అది ఒక రకం. పొరపాటు జరగబోయి ఆఖరి నిమిషంలో ఎవరో పట్టుకుంటే, లేదా జరిగినా హాని కలగకపోతే, అది తప్పిన గండం. రెండింటి మూలం ఒకటే. అందుకే తప్పిన గండాలు మనకు ఖర్చు లేకుండా దొరికే పాఠాలు. విమానాలు నడిపేవాళ్ళు ఈ సంగతి ఏనాడో గ్రహించారు. అమెరికాలో 1976 నుంచి పైలట్లు ఇలాంటివి రహస్యంగా రాసి పంపే పద్ధతి ఉంది. గాలిలో ప్రాణాలకిచ్చే విలువ కాన్పుల గదిలో ప్రాణాలకు ఎందుకివ్వరు?

కాన్పుల గదిలో గండాలు ఎలా పుడతాయో కొన్ని చెప్తాను. బిడ్డ బయటికి రాగానే తల్లికి రక్తస్రావం ఆగడానికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇస్తాం. పుట్టిన బిడ్డకు విటమిన్ కె 1 మిల్లీగ్రాము ఇస్తాం. అదే ట్రేలో మిథర్జిన్ కూడా ఉంటుంది. అది బీపీ ఉన్న తల్లికి ఇస్తే ప్రమాదం, పొరపాటున బిడ్డకు పోతే ఇంకా ప్రమాదం. మూడూ చిన్న గాజు ఆంప్యూళ్ళే. టెండరు మారి కంపెనీ మారితే లేబుల్ రంగు కూడా మారిపోతుంది. నిన్నటిదాకా ఎర్ర అక్షరాలున్న మందు నేడు నీలి అక్షరాలతో వస్తుంది. రాత్రి రెండు గంటలకు, కరెంటు మిణుకుమంటుంటే, ఒక్క సిస్టర్ ముగ్గురి కాన్పులు చూస్తుంటే, ఆమె చెయ్యి దేని మీద పడుతుందో ఆలోచించండి. గాఢమైన పొటాషియం క్లోరైడ్ ఆంప్యూలు, డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూలు ఒకే అరలో పెట్టడం నేను చూశాను. మొదటిది పలచబరచకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది.

ఇది ఊహ కాదు. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లి ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం బిళ్ళ పారాసిటమాల్ బదులు ట్రెమడాల్ అనే నొప్పుల బిళ్ళ ఇచ్చారు. పసిపిల్లలు చనిపోయారు, ఇంకా చాలామందిని నీలోఫర్‌లో చేర్చారు. పెద్దలకిచ్చే ఆ మందు పిల్లల టీకాల దగ్గరికి ఎలా వచ్చింది? ఇచ్చిన చెయ్యి ఎవరిదని అందరూ అడిగారు. ఆ బిళ్ళ అక్కడిదాకా నడిచొచ్చిన దారి ఏమిటని అడిగినవాళ్ళు తక్కువ.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో జరిగింది చెప్తాను, ఆసుపత్రి పేరు అవసరం లేదు. వార్డులో ఒకే పేరున్న ఇద్దరు లంబాడా స్త్రీలు, ఇంటిపేరు కూడా ఒకటే. మన తండాల్లో ఇది మామూలే. ఒకామెకు తెచ్చిన రక్తం సీసా రెండో ఆమె స్టాండుకు తగిలించారు. గ్రూపులు వేరు. సూది పెట్టబోతుంటే పక్కన కూర్చున్న ఆమె తల్లి, "సిస్టరమ్మా, మా బిడ్డకు నెత్తురు పొద్దుగాలనే ఎక్కిచ్చిండ్రు గద, మళ్ళెందుకు?" అంది. అప్పుడు కేస్ షీటు చూస్తే విషయం బయటపడింది. సీసా దించేశారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న సిస్టర్ దాన్ని రిపోర్ట్ బుక్కులో రాస్తానంది. పెద్దామె ఆపింది. "ఏం గాలేదు గద, ఎందుకు రాస్తవ్? రాస్తే రేపు నీకే మెమో వస్తది" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ పిల్లను కాపాడాలనే అలా అంది. ఆమె అన్నది నిజం కూడా. రాస్తే మెమో వచ్చేది ఆ పిల్లకే. సీసా మీద పేరొక్కటే రాసి పంపిన బ్లడ్ బ్యాంకుకు రాదు, రాత్రి అరవైమందికి ఇద్దరు సిస్టర్లను వేసిన ఆఫీసుకు అసలే రాదు.

గండం తప్పించింది ఎవరో గమనించారా? చదువు రాని ఒక తల్లి. ఆమె నోరు మూయించే ఆసుపత్రిలో ఆ రాత్రి ఆమె కూతురు చనిపోయి ఉండేది. "నీకేం తెలుసు, బయటికి పో" అని అటెండెంట్లను కసిరే అలవాటు మన ఆసుపత్రుల్లో ఎంత ఉందో మీకు తెలుసు. అది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఇక ఎందుకు రాయరు అన్నది చూద్దాం. ఆసుపత్రి ఒక మెట్ల వరస. పైమెట్టు మీద ఎక్కువగా మగవాళ్ళు, కిందికి వస్తున్నకొద్దీ స్త్రీలు. స్టాఫ్ నర్సు, ఏఎన్ఎం, ఆయమ్మ, ఆశా కార్యకర్త. వీళ్ళలో చాలామంది కాంట్రాక్టు మీదనో, ఔట్‌సోర్సింగ్ మీదనో ఉన్నవాళ్ళు. వాళ్ళకు సస్పెన్షన్ కూడా ఉండదు, రేపటినుంచి రావద్దంటారు, అంతే. తప్పు పైనుంచి మొదలైనా, చేతికి అంటుకునేది కిందిమెట్టు మీదే.

చట్టం కూడా ఈ మెట్ల వరసనే పాటిస్తోంది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, నిర్లక్ష్యం పేరుతో డాక్టరు మీద క్రిమినల్ కేసు నడిపే ముందు సంబంధం లేని మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ చూడండి. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఐదేళ్ళ దాకా జైలు. అదే వైద్యం చేస్తూ రిజిస్టర్డ్ డాక్టరు చేస్తే రెండేళ్ళ దాకా. ఆ డాక్టరు అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థంలో మెడికల్ రిజిస్టరులో పేరున్నవాళ్ళే వస్తారు, నర్సు రాదు. అంటే ఒకే వార్డులో, ఒకే రోగి విషయంలో, ఆర్డరు రాసిన డాక్టరుకు రెండేళ్ళు, ఆ ఆర్డరు ప్రకారం సూది వేసిన నర్సుకు ఐదేళ్ళు. ఇలాంటప్పుడు ఏ సిస్టర్ తన చేత్తో తాను రాసిస్తుంది?

మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "అంటే తప్పు చేసినవాళ్ళను వదిలేయమంటావా?" అని. వదిలేయమనడం లేదు. తాగి డ్యూటీకి వచ్చినవాడిని, పిలిచినా రాకుండా ప్రైవేటు నర్సింగ్ హోములో కూర్చున్నవాడిని, డబ్బివ్వలేదని కాన్పు చేయనివాళ్ళను, జరిగినదాన్ని దాచడానికి కేస్ షీటు దిద్దినవాళ్ళను శిక్షించాల్సిందే. అది పొరపాటు కాదు, నేరం. కానీ మూడు రాత్రులు వరసగా డ్యూటీ చేసిన సిస్టర్ ఒకేలా ఉన్న రెండు ఆంప్యూళ్ళలో ఒకటి తీసింది. ఆమెను పంపేస్తే ఆ అరలో ఆంప్యూళ్ళు అలాగే ఉంటాయి, రేపు ఇంకో సిస్టర్ చెయ్యి అక్కడే పడుతుంది. తేడా తెలుసుకోకుండా అందరినీ ఒకే గాటన కడితే, నేరం చేసినవాడు పలుకుబడితో తప్పించుకుంటాడు, పొరపాటు చేసినామె బలవుతుంది. ఇప్పుడు జరుగుతున్నది అదే.

వేరేచోట్ల ఏం చేశారో క్లుప్తంగా చెప్తాను. ఇంగ్లండులో 1952 నుంచి ప్రతి తల్లి చావునూ పేర్లు తీసేసి నిపుణులు పరిశీలించే పద్ధతి ఉంది. కేరళలో 2004 నుంచి అక్కడి స్త్రీ వైద్య నిపుణుల సంఘం, ప్రభుత్వం కలిసి అదే చేస్తున్నాయి. డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు లేకుండా కేసు చదువుతారు. ఎక్కడ ఆలస్యమైంది, ఏది చేసి ఉంటే బతికేది అని తేల్చి, పుస్తకంగా అచ్చువేసి అందరికీ పంచుతారు. కాన్పు తర్వాత రక్తస్రావాన్ని ఎలా ఎదుర్కోవాలో పద్ధతులు తయారుచేసుకున్నది ఆ చదువుతోనే. డెన్మార్కులో 2004 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఆసుపత్రి సిబ్బంది పొరపాట్లను రిపోర్టు చేసి తీరాలి. కానీ రిపోర్టు చేసినందుకు ఆ మనిషి మీద చర్య తీసుకోకూడదు.

మన దేశంలో కాగితాల మీద ఇవేవీ లేకపోలేదు. తల్లుల మరణాల సమీక్షకు 2010లో మార్గదర్శకాలొచ్చాయి, 2017లో వాటిని సవరించారు. ఎవరినీ నిందించడానికి కాదు, నేర్చుకోవడానికి అని వాటిలో ఉంది. కలెక్టరు దగ్గర జరిగే సమీక్షకు చనిపోయిన స్త్రీ బంధువులను పిలవాలనీ ఉంది. చావు అంచుదాకా వెళ్ళి బతికిన తల్లుల కేసులను సమీక్షించడానికి 2014లో మార్గదర్శకాలొచ్చాయి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండ, సూర్యాపేటలలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, ఈ పని అక్కడ జరగాలి. మందులు వికటిస్తే రిపోర్టు చేయడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరుంది, దానికి రోగులు కూడా చెప్పొచ్చు. రక్తం ఎక్కించినప్పుడు వచ్చే ఇబ్బందులను నమోదు చేసే కార్యక్రమం 2012లో మొదలైంది. 2018 నుంచి 2025 దాకా రోగుల భద్రతకు జాతీయ ప్రణాళిక కూడా రాసుకున్నారు. మీ ఊరి ఆసుపత్రిలో వీటిలో ఒక్కదాని గురించైనా విన్నారా? వార్డులో సిస్టర్లను అడగండి, వాళ్ళూ వినలేదంటారు.

తెలంగాణలో ప్రతి లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 43కు తగ్గాయని 2018–20 లెక్కలు చెప్పాయి. మంచిదే. కానీ ఇదే రాష్ట్రంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 60 మందికి పైగా పెద్దాపరేషన్‌తోనే కంటున్నారు. ఆపరేషన్లు పెరిగినకొద్దీ మత్తు, రక్తం, కుట్లు, గుడ్డల లెక్క, అన్నిట్లో పొరపాటుకు చోటు పెరుగుతుంది. చావులొక్కటే లెక్కపెడితే ఇవి కనిపించవు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? నా ఆలోచనలు కొన్ని మీ ముందు పెడతాను.

ఒకటి. ధర్నాలో మన డిమాండు మార్చుకుందాం. "విచారణ నివేదిక బయటపెట్టండి, మళ్ళీ జరగకుండా ఏం మార్చారో చూపించండి" అని అడుగుదాం. మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి, మార్చారా లేదా చూద్దాం. ఈ రెండోసారి వెళ్ళడమే మనం చేయని పని.

రెండు. జరిగిన సంగతి ఇంటివాళ్ళకు ముందు చెప్పాలి, పేపరువాళ్ళ తర్వాత కాదు. ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో, అవసరమైతే లంబాడీలో చెప్పాలి. కేస్ షీటు నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. సంఘటన జరిగిన రోజే రాతపూర్వకంగా అడగడం మన కార్యకర్తలందరికీ అలవాటు కావాలి. ఆలస్యమైతే కాగితాలు మారిపోతాయి.

మూడు. తల్లి చనిపోతే, కలెక్టరు దగ్గర సమీక్ష ఎప్పుడు జరుగుతుందో కనుక్కొని బంధువులతో వెళ్దాం. పిలవకపోతే ఎందుకు పిలవలేదని అడుగుదాం.

నాలుగు. ప్రతి వార్డులో తప్పిన గండాల పుస్తకం ఒకటి పెట్టించాలి. రాసినామె పేరు అక్కర్లేదు. ఆయమ్మ నోటితో చెప్పినా ఇంకొకరు రాయొచ్చు. అందులో రాసినదాని మీద మెమో ఇవ్వకూడదని ఆసుపత్రి అధికారి గోడ మీద అతికించాలి. నెలకోసారి కూర్చొని చదివి, ఒక్కటైనా సరిచేయాలి. లేబుళ్ళు ఒకేలా ఉంటే వేరే అరల్లో పెట్టడానికి బడ్జెట్ అక్కర్లేదు. ఒకే పేరున్న ఇద్దరుంటే చేతికి పట్టీ కట్టి తండ్రి పేరు, ఊరు, ఐపీ నంబరు రాయడానికి జీవో అక్కర్లేదు.

ఐదు. ఏ ఆసుపత్రి అయినా "మా దగ్గర ఈ నెల ఒక్క పొరపాటూ జరగలేదు" అంటే చప్పట్లు కొట్టకండి. అనుమానించండి. సున్నా అంటే పొరపాట్లు లేవని కాదు, నోళ్ళు మూసుకుపోయాయని. ఎక్కువ రాసే ఆసుపత్రి చెడ్డది కాదు, రోగికి అదే ఎక్కువ భద్రమైనది.

ఆరు. ఇది మనకు కొంచెం కష్టమైనది. నర్సులనూ, ఏఎన్ఎంలనూ మన శత్రువులుగా చూడడం మానాలి. వాళ్ళలో కసిరేవాళ్ళున్నారు, చేయి చాచేవాళ్ళున్నారు, కాదనను. కానీ రాత్రి వార్డులో సిబ్బందిని పెంచాలని వాళ్ళు అడిగినప్పుడు మనం పక్కన నిలబడాలి. పొరపాటును బయటపెట్టిన సిస్టర్ మీద వేటు పడితే, చనిపోయిన స్త్రీ కోసం ఎంత గట్టిగా నినాదమిస్తామో ఆమె కోసమూ అంత గట్టిగా ఇవ్వాలి. రక్షణ లేని చోట నిజం బయటికి రాదు. నిజం బయటికి రాని చోట ఇంటివాళ్ళకు న్యాయమూ జరగదు.

రేపు మీరు మీ మండలాలకు వెళ్ళాక, దగ్గరున్న ఆసుపత్రికి వెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి. "పోయిన నెల ఇక్కడ ఎన్ని గండాలు తప్పాయి, వాటి నుంచి మీరు ఏం మార్చారు?" మొదట్లో నవ్వుతారు, తర్వాత కోప్పడతారు. మీరు మాత్రం ప్రతి నెలా అడుగుతూనే ఉండండి. అడిగేవాళ్ళున్నారని తెలిస్తేనే రాసేవాళ్ళు పుడతారు.